వాపసు ఇచ్చిన చదివింపు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే. "అక్కా, మన నాటకం సూసి లంచం మానేసినోడు ఒకడన్నా ఉండాడా?" లేడు. ఉంటే నాకు కనిపించలేదు. కనిపించాడని చెప్పి మిమ్మల్ని ఊరించడం నాకు చేతకాదు. ఈ మాట ముందే చెప్పేస్తే, దానికోసమే వచ్చినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. వాళ్ళ కాలమూ నా కాలమూ మిగులుతాయి.

నా పేరు రెడ్డెమ్మ. మాది కురబలకోట పక్కన పల్లె. అమ్మా నాయనా కూలికి పోయి నన్ను డిగ్రీ దాకా చదివించారు. మదనపల్లెలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో యువకళా దళానికి శిక్షకురాలిగా చేరి, జుట్టు నెరిసేదాకా అదే పని చేసి, ఈ మధ్యనే దిగిపోయాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో పిల్లల చేత బొమ్మలు వేయించడం, పాటలు కట్టించడం, వీధి నాటకాలు ఆడించడం నా ఉద్యోగం. విషయం ఎక్కువగా ఒకటే, లంచం. సంస్థ ఫైళ్ళలో ఆ పనికి పెద్ద పెద్ద పేర్లు ఉండేవి. మా అమ్మ మాత్రం ఎవరైనా అడిగితే "మా పాప ఆఫీసర్లను ఎక్కిరించే పనిలో ఉండాది" అని చెప్పేది. ఆమె చెప్పిందే నాకు సరిగ్గా ఉన్నట్టు అనిపించేది.

బానపొట్ట

మొదట్లో మదనపల్లెలో కాలేజీ పిల్లలకు ఒక గోడ చూపించి, లంచం మీద బొమ్మ వేయమన్నాను. మధ్యాహ్నానికి గోడ నిండా బానపొట్ట మనిషి తయారయ్యాడు. నోట్లో నోట్ల కట్టలు, మెడకు పాము. ఇంతియాజ్ అనే కుర్రాడు మాత్రం ఒక మూల నిలబడి బ్రష్షు తుడుచుకుంటున్నాడు. వాడిది పుంగనూరు. వాళ్ళ నాయన అంగళ్ళకు బోర్డులు రాసేవాడు, వీడికి అప్పటికే చేయి తిరిగింది.

"నువ్వేమీ వేయలేదేమప్పా?" అన్నాను.

"అక్కా, మా నాయనతో ఆఫీసులకు బోర్డులు రాసేకి పోతాంటి. ఆడ పొట్టలుండే వాళ్ళు తక్కువ. అందరూ మా మామ మాదిరే ఉంటారు," అన్నాడు.

ఆ బొమ్మ చెరిపించాను. పిల్లలు అలిగారు. తర్వాత ఇంతియాజ్ గీసి చూపించినట్టు ఆ గోడ మీద ఒక పొడుగాటి బల్ల, దాని మీద కూర్చుని ఎదురుచూసే మనుషులను మాత్రం వేశాం. ఒక రైతు, చంకలో బిడ్డతో ఒక తల్లి, కర్ర పట్టుకున్న ముసలాయన. ఒక్క అక్షరం రాయలేదు. దారిన పోయేవాళ్ళు ఆగి, "ఇది మన ఆఫీసు ముందర బల్లే కదా" అనుకునేవారు. లంచం తీసుకునేవాణ్ణి రాక్షసుడిగా చూపిస్తే చూసేవాడికి తన పక్కింటివాడు గుర్తుకు రాడు. నేను చూసినవాళ్ళలో ఎక్కువ మంది బక్కపలచటి మనుషులు, పిల్లల ఫీజుల గురించి దిగులుపడేవాళ్ళు, దారి అడిగితే చక్కగా చూపించేవాళ్ళు. ఈ సంగతి మింగుడుపడనివాళ్ళు ఈ పనికి రారు.

అందుకే మా దళంలో చేరిన పిల్లలకు మొదటి నెల వేషం ఇచ్చేదాన్ని కాదు. పోయి ఆఫీసుల ముందు బల్లల మీద కూర్చోండి, చేతులు చూడండి అని పంపేదాన్ని. మాట మార్చగలిగినవాడు కూడా చేతులు మార్చలేడు.

చలపతి సారు

మా సంస్థకు పెద్ద చలపతి సారు. రిటైరైన హెడ్మాస్టరు, మంచివాడు, మహా మొండివాడు. ఆయన దగ్గర నేర్చుకున్నదీ ఉంది, ఆయనకు నేర్పవలసి వచ్చిందీ ఉంది.

పుంగనూరు సంతలో నాటకానికి మైకు అనుమతి కోసం పోతే, అక్కడి గుమాస్తా "టీ ఖర్చులకు ఏమన్నా సూడండి సార్" అన్నాడు. లంచం మీద నాటకానికే లంచం. నాకు నవ్వొచ్చింది, సారుకు రాలేదు. "ఇయ్యం" అని చెప్పి ఆ వరండాలోనే కూర్చున్నాడు. పొద్దుగూకింది కానీ అనుమతి రాలేదు. మరునాడు సంతలో మైకు లేకుండానే ఆడాం. పిల్లల గొంతులు బొంగురుపోయాయి. అయితే సరిగా వినబడక జనం దగ్గరికి జరిగారు, ఇంకా జరిగారు, చివరికి మా మోకాళ్ళకు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. చెవులు రిక్కించి వింటున్న ఆ మొహాలు చూశాక మళ్ళీ ఎప్పుడూ మైకు అడగలేదు. ఆ గుమాస్తా తనకు తెలియకుండానే మాకు మేలు చేశాడు.

సారుకు నేర్పవలసి వచ్చింది ఉపన్యాసం మానడం. ప్రతి నాటకం చివరా ఆయన లేచి నీతి చెప్పేవాడు, జనం లేచి ఇళ్ళకు పోయేవారు. ఒకసారి ఉండబట్టలేక అన్నాను. "సార్, మీరు చెప్పేది వాళ్ళకు తెలియనిది కాదు. వాళ్ళు మాట్లాడితే మనకు తెలియనిది తెలుస్తుంది." కొన్నాళ్ళు నాతో ముభావంగా ఉన్నాడు, తర్వాత మానేశాడు. అప్పటినుంచి ఆట అయ్యాక మేము పక్కకు తప్పుకుని, ఊరివాళ్ళను మధ్యలోకి రమ్మనేవాళ్ళం. ఎవరి సంగతి వాళ్ళే, తమ ఊరి మధ్య నిలబడి, తమ నోటితో చెప్పాలి. మా దళంలో పలక డప్పు కొట్టే మునెప్ప దానికి "గుండ్రం ఇడిసిపెట్టేది" అని పేరు పెట్టాడు. నన్నడిగితే అసలు పని అదే. దానికి ముందు మేము ఆడిందంతా జనాన్ని కూర్చోబెట్టడానికే.

సొరుగు

ఇంతియాజ్ బొమ్మలతో పాటు మా ఆటలో లంచం తీసుకునే ఆఫీసరు వేషం కూడా వేసేవాడు. మా సామానంతా ఒక స్టూలు. టేబులూ, దాని సొరుగూ అన్నీ గాలిలోనే. ముసలామె వేషంలో మా దళంలోని నాగవేణి అర్జీ పట్టుకుని వస్తే, వాడు నోరు తెరిచి ఏమీ అడిగేవాడు కాదు. ఆకాశం వంక చూస్తూ, కుడిచేత్తో ఆ లేని సొరుగును కొంచెం బయటికి లాగేవాడు, అంతే. బల్లల మీద కూర్చున్న ఆ నెలలో వాడు పట్టుకొచ్చిన చేయి అది. జనం పడీ పడీ నవ్వేవారు.

నాగవేణిది కుప్పం. ఒకసారి వాళ్ళ ఊళ్ళోనే, బస్టాండు దగ్గర ఆడాం. ఆట అయ్యాక ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "బాగుండాదమ్మా. మీ ఆఫీసరు సిగ్గుండేవాడు, సొరుగు తెరిసి ఆకాశం సూస్తాడు. మా ఆఫీసులో వాడు నా మొగమే సూస్తాడు," అన్నాడు. పక్కన కుర్రాళ్ళు ఒకరికొకరు సొరుగులు లాగి చూపించుకుని నవ్వుకుంటున్నారు. జనం నవ్వితే నాటకం గెలిచిందనుకునేవాళ్ళం మేము. ఆ నవ్వు లంచం తీసుకునేవాడికి కూడా హాయిగానే ఉంటుందని మంగమ్మ అనే రైతు ఊరికి పోయేదాకా మాకు తెలియలేదు.

మంగమ్మ చేను

రామసముద్రం దాటాక ఒక పల్లె. మంగమ్మకు అక్కడ ఎకరా పైచిలుకు చేను ఉంది. మొగుడు పోయాక పక్క చేను ఆసామి ప్రతి దుక్కికీ గట్టును కొంచెం కొంచెంగా ఇటు జరుపుతూ వచ్చాడు. హద్దురాయి ఏమైందో తెలియదు. కొలిపించమని ఆమె అర్జీ పెట్టింది. సర్వేయరు ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా ఆ పక్క ఆసామి ఇంట్లో మజ్జిగ తాగి, ఈమె ఎదురుపడితే "సూద్దాంలేమ్మా" అని పోయేవాడు. ఆయన ఎందుకు కొలవడం లేదో, ఏమిస్తే కొలుస్తాడో ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు.

మంగమ్మ ఇవ్వలేక కాదు. "టమోటా కోసినప్పుడు ఆయప్పకు ఒక గంప పంపిస్తి. అది ప్రీతితో ఇచ్చింది. కొలిసేదానికి ఇయ్యమంటే మాత్రం ఇయ్యను. నా సేను నాదని సెప్పేకి నేను యాల దుడ్డియ్యల్ల?" అంది.

కథల కోసం పల్లెల్లో తిరిగేటప్పుడు కుళాయి దగ్గర, పదిమంది వింటుండగానే ఆమె ఇదంతా చెప్పింది. ఊరూ పేరూ మార్చి మేము ఆట కట్టాం. ఇక్కడే ఆడతామని చెబితే ఆమె మొహం వెలిగింది. "మీరు గుండ్రం ఇడిసిపెట్టినాక నేనొస్తా. ఆ పక్క సేను ఆయప్పా ఉంటాడు కదా. రాయి యాడ ఉండెనో ముసిలోళ్ళకు తెలుసు. నేను లేస్తే వాళ్ళూ లేస్తారు," అంది. పాత హద్దు ఎరిగినవాళ్ళు ఊళ్ళో ఇంకా ఒకరిద్దరు మిగిలి ఉన్నారు. పక్క ఆసామికి జడిసి ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు. వాళ్ళు పోతే ఆ రాయి సంగతి చెప్పే దిక్కే లేదు. మంగమ్మ ఆశంతా ఆ సాయంకాలం మీదే పెట్టుకుంది.

పలక మోగింది

పశువులు ఇళ్ళకు చేరాక ఆట మొదలుపెట్టాం. మంగమ్మ ఉతికిన చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఇంతియాజ్ సొరుగు లాగాడు, జనం నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వినాయన వెనక బైకుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన నవ్వుతూనే జనాన్ని దాటుకుని మధ్యలోకి వచ్చాడు. జేబులోంచి నోటు తీసి, ఇంతియాజ్ చొక్కాకు పిన్నుతో గుచ్చాడు.

"భలే చేస్తాండావప్పా," అన్నాడు.

మా వైపు ఇది పాత మర్యాద. ఆట నచ్చినవాళ్ళు వచ్చి వేషగాడి గుడ్డలకు నోటు గుచ్చుతారు. దాన్ని చదివింపు అంటారు. అప్పుడు ఆట ఆపి, పలక మోగించి, ఇచ్చినవాళ్ళ పేరు ఊరంతా వినేలా చదివి, దీవించాలి. మునెప్ప తాతా నాయనా ఆ మర్యాద మీదనే బతికారు. నోటు గుచ్చడం చూడగానే వాడి చేతులు వాటంతట అవే పలక మీద పడ్డాయి. "పేరు సెప్పండి సామీ" అన్నాడు. ఆయన పేరూ చెప్పాడు, సర్వేయరునని ఉద్యోగమూ చెప్పాడు. మునెప్ప గొంతు ఒక్క క్షణం తడబడింది కానీ ఆగలేదు, పూర్తిగా చదివాడు. నాగవేణి ఆ ముసలామె వేషంలోనే దీవెన పాట ఎత్తుకుంది, ఇల్లు పచ్చగా ఉండాలని, చేయి చల్లగా ఉండాలని. జనం చప్పట్లు కొట్టారు.

ఆట పూర్తయింది. గుండ్రం విడిచిపెట్టి, ఎవరైనా రమ్మని పిలిచి, మంగమ్మ వంక చూశాను. ఆమె లేచింది. చీరకు అంటిన దుమ్ము దులుపుకుని, వెనక్కి తిరిగి ఇంటికి పోయింది. ఇంకెవరూ రాలేదు.

మరునాడు పొద్దున్నే ఆమె ఇంటికి పోయాం. పీట వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది. కోప్పడలేదు, కోప్పడి ఉంటే బాగుండేదని అనిపించింది.

"ఆయప్ప నవ్వె, దుడ్డిచ్చె, మీరు తీసుకుంటిరి, దీవిస్తిరి," అంది. "ఊరంతా ఆయప్పను మంచోడు అనుకునె. ఇంగ నేను లేసి ఏం సెప్పేది? సెప్పింటే నేనే కానిదాన్ని అయిపోతాంటి."

"తెలీక కొడితినమ్మా," అన్నాడు మునెప్ప తల వంచుకుని.

"తెలీక కాదులే నాయనా, అలవాటుగా కొడితివి. ఆయప్పా అంతే, అలవాటుగా తీసుకుంటాడు."

వాపసు

ఆ రోజు మా ఆఫీసులో పెద్ద తగాదా అయింది. నోటు టేబులు మీద ఉంది, ఎవరూ ముట్టడం లేదు. పోస్టులో పంపేద్దామని ఇంతియాజ్ అన్నాడు. "గుడి హుండీలో ఏసేస్తే పోతుంది కదక్కా" అంది నాగవేణి. మునెప్ప గోడకు ఆనుకుని కూర్చుని, "చదివింపు తిరిగి ఇచ్చేది మా ఇంట్లో యావడూ చేయలేదక్కా. పలకకు కీడంటారు. అది మళ్ళ మోగదంటారు," అన్నాడు. సాకు కాదు, వాడు నిజంగా భయపడుతున్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చలపతి సారు అందరి మాటా విన్నాడు. "పదిమందిలో తీసుకున్నాం. చాటుగా ఇస్తే అది ఇంకో లంచంలాగే ఉంటుంది. పదిమందిలోనే ఇయ్యల్ల," అన్నాడు. "కానీ ఆయన మీద ఒక్క మాట అనొద్దు. నేరం రుజువు చేసేది మన పని కాదు. మన తప్పు మనం దిద్దుకునేదే మన పని." ఆయన చెప్పిన నీతులన్నీ మరిచిపోయాను, ఈ తీర్పును మాత్రం మరిచిపోలేదు.

సోమవారం అర్జీల రోజు. మండలాఫీసు వరండాలో జనం బారులు తీరి ఉన్నారు, వాళ్ళలో మంగమ్మ ఊరివాళ్ళూ ఉన్నారు. మేము వేషాలు వేయలేదు, పాటలు పాడలేదు, అందరిలాగే వరసలో నిలబడ్డాం. మా వంతు వచ్చింది. సర్వేయరు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. మునెప్ప పలకను కళ్ళకద్దుకుని, కొట్టకుండా చంకన పెట్టుకున్నాడు. చదివింపు చదివే గొంతుతోనే ఆయన పేరు ఎత్తి, "మా ఆట మెచ్చి మీరిచ్చిన చదివింపు. తీసుకునింది మాది తప్పు. వాపసు," అన్నాడు.

ఇంతియాజ్ నోటును బల్ల మీద పెట్టాడు.

"సరదాకు ఇచ్చినదానికి ఇంత రచ్చ యాలప్పా?" అన్నాడు సర్వేయరు నవ్వబోతూ.

"మీరు సరదాకే ఇచ్చినారు సార్," అన్నాడు ఇంతియాజ్. "ఆ ఊరు మాత్రం సరదాగా తీసుకోలేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన నోటును చూస్తూ కూర్చున్నాడు కానీ ముట్టుకోలేదు. మేము వచ్చేశాం.

మళ్ళీ మంగమ్మ ఊళ్ళో అదే ఆట ఆడాం. ఈసారి సొరుగు లాగినప్పుడు నవ్వు పల్చగా వచ్చింది. మేమింకా గుండ్రం విడిచిపెట్టనే లేదు, మంగమ్మ ముందు వరసలోంచి లేచింది. నేరుగా మధ్యలోకి వచ్చి, నాగవేణిని పక్కకు జరిపి, గాలిలో ఉన్న ఆ సొరుగు మీద అరచేయి ఆనించి లోపలికి తోసింది. ఇంతియాజ్ వేళ్ళు నలిగినట్టు చేయి వెనక్కి లాక్కున్నాడు.

"మూసెయ్ నాయనా. నా సేను కొలువు," అంది.

తర్వాత ఊరివైపు తిరిగి, గట్టు సంగతి మొదటినుంచీ చెప్పింది. పక్క ఆసామి మధ్యలోనే లేచిపోయాడు. వెనక వరసలోంచి ఒక ముసలాయన కర్ర ఊతంగా నిలబడి, "రాయి కానుగ చెట్టుకు ఈ పక్క ఉండె. పాతేటప్పుడు నేనుంటి," అన్నాడు. ఆయన పక్కన ఇంకొకాయన "ఔ, ఆడనే" అన్నాడు.

నాగవేణి ఏడాది

ఇక్కడ ఆపేస్తే వినడానికి బాగుంటుంది. కానీ మిగతాది చెప్పకపోతే ఈ పనిలోకి వచ్చేవాళ్ళను మోసం చేసినట్టవుతుంది.

మర్నాడే ఎవరూ పరుగెత్తుకొచ్చి చేను కొలవలేదు. మంగమ్మ సోమవారం సోమవారం ఆఫీసుకు పోయింది. ఆ ముసలాయన్నీ, ఊరి ఆడవాళ్ళనూ వెంటబెట్టుకుని పోయింది. మా నాటకం కొలిచిందని నేను ఎక్కడా చెప్పను, ఆ నడక కొలిచింది. మరుసటి ఎండాకాలం ఇంకో సర్వేయరు వచ్చాడు. రాయి కానుగ చెట్టుకు ఈ పక్కనే, మట్టి కింద దొరికింది. పాతాయన బదిలీ మీద వేరే మండలానికి పోయాడు, అక్కడ ఎలా ఉన్నాడో నాకు తెలియదు.

ఆ ఏడే నాగవేణి పై చదువుకు దరఖాస్తు పెట్టింది. రెవెన్యూ ఆఫీసు నుంచి రావలసిన సర్టిఫికెట్టు సమయానికి చేతికి రాలేదు, సీటు పోయింది. దానికీ మేము చేసినదానికీ సంబంధం ఉందని నేను రుజువు చేయలేను, లేదని నమ్మనూ లేను. వాళ్ళమ్మ కుప్పం నుంచి వచ్చి, "మీకు పోయేది ఏముండాది రెడ్డెమ్మా? బిడ్డ సదువు పోయె," అని నా ముందు కూర్చుని ఏడ్చింది. నాగవేణి మరుసటి ఏడు చేరింది, బాగానే చదువుకుంది. అయినా ఆ ఏడాదిని తలచుకుంటే నాకు ముద్ద దిగదు. పిల్లల్ని గుండ్రంలోకి దించే ముందు వాళ్ళ కాగితాలన్నీ చేతికి వచ్చాయో లేదో చూడండి. ఇది పిరికితనమని నన్ను అన్నవాళ్ళు ఉన్నారు, అననివ్వండి.

పుంగనూరు సంత

రాయి దొరికిన కొన్నాళ్ళకు పుంగనూరు సంతలో ఆడుతున్నాం. అప్పటికి మా దళానికి ఒక కట్టుబాటు ఏర్పడింది, చదివింపు ఎవరిదైనా సరే తీసుకోకూడదు. మంగమ్మ టమోటాలు అమ్ముకోవడానికి వచ్చి, గంప పక్కన పెట్టుకుని ఆట చూస్తోంది. ఉన్నట్టుండి లేచి మధ్యలోకి వచ్చింది. కొంగు ముడి విప్పి, మడతలు పడ్డ పది రూపాయల నోటు తీసింది. పిన్ను కూడా తెచ్చుకుంది. ఇంతియాజ్ చొక్కాకు గుచ్చి, వాడి భుజం తట్టింది.

మునెప్ప చేయి పలక మీదికి లేచి, అక్కడే ఆగిపోయింది. నా వంక చూశాడు. వద్దంటే ఆమెనూ ఆ సర్వేయరునూ ఒకే గాట కట్టినట్టు. తీసుకుంటే ఆ సోమవారం వాడు పదిమందిలో చెప్పిన మాటకు విలువ లేనట్టు. నేను నోరు తెరిచేలోగా ఇంతియాజ్ పిన్ను ఊడదీశాడు. నోటును రెండు చేతులా పట్టుకుని ఆమె ముందు చాపాడు.

"వద్దమ్మా. ఎవరిదీ తీసుకోకూడదని పెట్టుకున్నాము," అన్నాడు.

మంగమ్మ వాణ్ణి చూస్తూ నిలబడింది. నొచ్చుకుందేమో అనుకున్నాను. ఆమె నోటు అందుకుంది. కొంగులో పెట్టి ముడి వేసి, బిగించింది. తర్వాత మునెప్ప వైపు తిరిగింది.

"ఇప్పుడు కొట్టప్పా పలక," అంది.

మునెప్ప కొట్టాడు. సంత అవతలి కొసలో మేకలు అమ్మేవాళ్ళు కూడా లేచి నిలబడి ఇటు చూశారు.